ఆ రోజు బెల్లు మోగింది

బెల్లు మోగింది. నేను విన్నాను. మోగలేదని డాక్టరమ్మకు చెప్పాను.

ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. ఎవరి ముందు ఒప్పుకోవాలో ఆవిడ ఒమాన్‌లో ఉన్నారు కాబట్టి అక్కడిదాకా వెళ్ళాను. దారిలో చూసినవీ తిన్నవీ కూడా రాస్తాను, ఆ దేశం చూడని వాళ్ళకు పనికొస్తాయి. కానీ ఎందుకు వెళ్ళానో చెప్పకుండా సముద్రం గురించీ ఖర్జూరాల గురించీ రాసుకుంటూ పోతే, ఇన్నాళ్ళూ నేను చెప్పుకుంటూ వచ్చిన కథలాగే ఇదీ అయిపోతుంది.

నేను హైదరాబాదులో ఎమ్మారై టెక్నీషియన్ని. మా ఆస్పత్రిలో చాలా ఏళ్ళుగా ఒక అధ్యయనం నడుస్తోంది. కడుపులో ఉన్న బిడ్డ మొదలుకొని కర్ర పట్టుకుని నడిచే వాళ్ళ దాకా, ఏ జబ్బూ లేని మామూలు మనుషుల మెదళ్ళను ఫోటోలు తీసి, వయసుతో పాటు మెదడు ఎలా మారుతుందో చూడటం దాని పని. నెలల పిల్లలకు పాలు పట్టించి, గుడ్డలో చుట్టి, నిద్రపోయాక మెల్లగా మిషన్ లోపల పెడతాం. ఐదారేళ్ళ పిల్లలకు ముందు అట్టపెట్టెతో చేసిన సొరంగంలో బొమ్మలాట ఆడిస్తాం. ముసలివాళ్ళతో ఇబ్బందే లేదు, అంత మోతలోనూ గురకపెడతారు. అందరికంటే కష్టం కడుపులో బిడ్డ. కదలొద్దని దానికి ఎవరు చెబుతారు?

లోపలికి వెళ్ళే ప్రతి మనిషి చేతిలో ఒక రబ్బరు బంతి పెడతాం. ఇబ్బందిగా ఉంటే పిసికితే మా గదిలో బెల్లు మోగుతుంది. మోగితే ఆపాలి. మా పనిలో అన్నిటికంటే ముందు నేర్పే సంగతి అదే.

సువార్త గారు అప్పుడు మా ఆస్పత్రిలోనే ఐసీయూ నర్సు. నరసాపురం దగ్గరి మనిషి. ఏడో నెల. గర్భిణులు ఎవరూ ముందుకు రావడం లేదని అధ్యయనం నడిపే డాక్టరమ్మ వాపోతుంటే, "నా కడుపులో దాన్ని తీసుకోండి మేడమ్, ఊరికే కూర్చుని తింటోంది" అని తనే వచ్చారు. బిడ్డ ఆ రోజు ఒకటే తిరుగుడు. తీసిన ఫోటోలన్నీ తడిచేత్తో తుడిచిన పలకలా అలుక్కుపోయాయి. చివరికి బిడ్డ నిద్రపోయింది. తెర మీద ఒక్కో పొరా తేటగా రావడం మొదలైంది. అప్పుడు బెల్లు మోగింది.

నెలలు పెరిగిన గర్భిణుల్లో కొందరికి వెల్లకిలా పడుకుంటే కళ్ళు తిరుగుతాయి. అది నాకు తెలుసు. తెలిసీ, ఇంకొంచెం సేపు అనుకున్నాను. బెల్లు శబ్దం ఆపేసి, మైకులో "అయిపోయిందమ్మా, కదలకండి" అని మళ్ళీ తెర వైపు తిరిగాను. ఆవిడ పొట్ట మీది పట్టీలు లాగేసుకుని, తనంతట తనే కిందికి పాక్కుంటూ బయటికి వచ్చేశారు. ఒళ్ళంతా చెమట. బల్ల అంచున వాంతి చేసుకున్నారు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నొక్కాను మేడమ్," అన్నారు సువార్త గారు.

"మోగలేదు మేడమ్," అన్నాను నేను.

డాక్టరమ్మ బంతి తీసుకుని పిసికి చూసింది. శబ్దం నేను అప్పటికే మళ్ళీ పెట్టేశాను. చక్కగా మోగింది. లోపం బంతిది కాదని తేలిపోయింది. సువార్త గారు తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు.

పాప క్షేమంగా పుట్టింది. బెల్లు మోగాక కూడా ఆపకుండా తీసిన ఆ ఫోటో ఆ ఏడాది తీసిన వాటిలో మేలైనదని నాకు పేరొచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. పరీక్షకు వచ్చి భయపడే వాళ్ళకు చెప్పడానికి నేనొక కథ తయారు చేసుకున్నాను. "భయమెందుకండీ, ఒక నర్సమ్మ ఏం చేసిందో తెలుసా, చేతిలో బంతి ఉందన్న సంగతే మర్చిపోయి పాక్కుంటూ బయటికొచ్చేసింది" అని, ఎలా పాకిందో కూడా చేసి చూపించేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. నవ్వితే భయం తగ్గేది.

కిందటేడు మా అధ్యయనానికి నడివయసు వాళ్ళు కరువయ్యారు. సిబ్బందిలో వయసు సరిపోయిన వాళ్ళం మేమే లోపల పడుకున్నాం. ఇరవై ఏళ్ళుగా ఆ మిషన్ పక్కన ఉన్నాను కానీ లోపలి నుంచి దాన్ని చూడటం అదే మొదలు. కాసేపటికి ఉత్త పుణ్యానికే ఊపిరి అందనట్టు అనిపించి బంతి పిసికాను. పిసికీ పిసకగానే మోత ఆగిపోయింది, బల్ల బయటికి జరిగింది. కొత్తగా చేరిన అమ్మాయి పైకి వంగి, "ఏమైంది సార్?" అంది. "ఏం లేదు, మోగుతుందో లేదో చూశాను," అన్నాను. ఆ సాయంత్రం పాత సిస్టరమ్మ ఒకావిడ దగ్గర సువార్త గారి భర్త నంబరు తీసుకున్నాను.

మబేలా

జూలైలో ఒమాన్ వెళ్ళొద్దని అందరూ చెప్పారు. నాకు సెలవు అప్పుడే దొరికింది. విమానాశ్రయం తలుపు దాటగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. తుడుచుకునేలోపు ఎవరో నా పెట్టె లాక్కుని, "నడువు, ఇంక జెరసేపు నిలవడితే ఉడుకుతవ్," అన్నారు. గంగారాం గొంతు.

గంగారాం, నేను జగిత్యాల పక్క ఊళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అతను ఎప్పుడో ఒమాన్ వచ్చి టైల్స్ పని నేర్చుకుని, ఇప్పుడు మేస్త్రీ అయ్యాడు. రాజధాని శివారు మబేలాలో కింద లాండ్రీ, పైన వాళ్ళ రూమ్. ఆరు మంచాలు, ఒక ఏసీ. హైదరాబాదులో ఏసీ ఉన్నవాడు ధనవంతుడు, ఇక్కడ ఏసీ లేకపోతే మనిషే లేడు. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట బయటి పని చేయించకూడదని అక్కడ రూలు. అందుకని తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళి, ఎండ ముదిరే వేళకు సైట్‌లోనే ఏదో ఒక నీడ చూసుకుని పడుకుంటారట.

"సకినాలు తెచ్చినవా? లేకుంటే గిట్లనే వాపస్ పో," అన్నాడు గంగారాం, పెట్టె నేల మీద పెట్టకముందే.

తెచ్చాను. డబ్బా మూత తీయగానే రూమ్ మొత్తం దాని చుట్టూ చేరింది. భోజనంలో పచ్చిపులుసు, గుడ్డు పొరటు, ఖుబూస్. ఖుబూస్ అంటే అక్కడి రొట్టె, మెత్తగా, గుండ్రంగా, మన చేటంత ఉంటుంది. దాన్ని పచ్చిపులుసులో ముంచుకుని తినడం నేనెక్కడా చూడలేదు. మూడో ముక్కకు అలవాటైంది, ఐదో ముక్కకు బాగుందనిపించింది.

నా పని ఏమిటో గంగారాం అందరికీ చెప్పాడు. మూల మంచం మీది పోశెట్టి అనే ఆయన చాలా సేపు ఆలోచించి అడిగాడు.

"సారూ, గా మిషన్ల పండవెడ్తే మనిషి మనసుల ఏమున్నదో కనవడ్తదా?"

"కనపడదు. మెదడు ఆకారం కనపడుతుంది. చిన్నప్పుడు ఎట్లా ఉంటుంది, పెద్దయ్యాక ఎట్లా ఉంటుంది, అంతే."

"గంతేనా? మాకు వీసా ఇచ్చిన కఫీల్ సేటును పండవెడ్దామనుకున్న. జీతం పెంచే ఆలోచన ఏ మూలకన్న ఉన్నదా అని."

అందరూ నవ్వారు. ఇంకొకాయన, లోపల భయం కాదా అని అడిగాడు. అడిగిందే తడవు, నా నోరు తనంతట తనే ఆ కథ మొదలుపెట్టింది. నర్సమ్మ, బంతి, పాకడం. రెండు మంచాల మధ్య సందులో చేసి కూడా చూపించాను. ఎవరి దగ్గర తప్పు ఒప్పుకోవడానికి విమానమెక్కానో ఆవిడ మీదే, ఆ దేశంలో దిగిన సాయంత్రమే, మళ్ళీ నవ్వించాను. మనిషికి అలవాటు ఎంత లోతుకు దిగుతుందో ఏ ఫోటోలోనూ కనపడదు.

గంగారాం కళ్ళు తుడుచుకుంటూ, "గా నర్సమ్మ ఏడున్నది గిప్పుడు?" అన్నాడు.

నేను పళ్ళెం కడుక్కోవడానికి లేచాను.

హారన్ కొడితే చాయ్

మర్నాడు గంగారాంకు సెలవు. పొద్దున్నే పికప్ బండిలో చాయ్ హోటల్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ ఎవరూ బండి దిగరు. హోటల్ ముందు ఆపి ఒక్క హారన్ కొడితే మలయాళీ మనిషి చాయ్ పట్టుకుని బయటికొస్తాడు. వంద బైసాలు. వెయ్యి బైసాలైతే ఒక రియాల్, మన లెక్కలో రెండు వందల రూపాయల పైమాటే. ఆ లెక్క వేసుకుంటూ తాగితే చాయ్ చేదుగా ఉంటుందని, వేసుకోవద్దని గంగారాం హెచ్చరించాడు. యాలకులు, బాగా మరిగిన పాలు, పంచదార ఎక్కువ. దాంట్లోకి గుడ్డు పరోటా.

"రాత్రి అడిగితే చెప్పకపోతివి," అన్నాడు.

చెప్పాను. మొత్తం. బెల్లు శబ్దం ఆపేసిన సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు, పికప్ బండిలో గంగారాంకు చెప్పాను. అతను చాయ్ గ్లాసు డాష్‌బోర్డు మీద పెట్టి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్క బండి హారన్ కొట్టింది. హోటల్ మనిషి దాని దగ్గరికి పరుగెత్తాడు.

"నువ్వు నవ్వించినవ్, మేం నవ్వినం," అన్నాడు చివరికి. "మా నవ్వు గూడ నీ లెక్కలనే రాసుకో. ఆమె ఏడున్నది?"

"ఖబూరా అనే ఊళ్ళో."

"సహం పోయే తొవ్వలనే. నాకు సహంల ఒక అర్బాబ్, ఈడి సేటు దగ్గర పనున్నది. నడుమల దించుతా తియ్."

దాటిపోయిన మలుపు

బాతినా తీరం వెంబడి రోడ్డు తిన్నగా పోతుంది. కుడివైపు సముద్రం ఉందని చెబుతారు, కనపడదు. తోటలూ ఇళ్ళూ అడ్డం. ఎడమవైపు దూరంగా బూడిదరంగు కొండలు, వాటి మీద ఒక్క చెట్టు లేదు. మన దగ్గర కొండ అంటే పచ్చన, ఇక్కడ పచ్చదనమంతా కిందే, ఖర్జూరపు తోటల్లో. అవి కూడా ఒకప్పటిలా లేవని, సముద్రపు ఉప్పు బావుల్లోకి పాకి చాలా తోటలు ఎండిపోయాయని గంగారాం చెప్పాడు. నిజమే, తలలు రాలిపోయి ఉత్త మొండేలు నిలబడ్డ తోటలు మధ్యమధ్య కనిపించాయి.

ఆ దారిలోనే ఫోన్ మోగింది. సువార్త గారి భర్త దానియేలు గారు. ఖబూరాలో ఒక సామాన్ల దుకాణంలో స్టోర్ కీపరు. నేను ఒమాన్ వస్తున్నానని, ఒకసారి వాళ్ళను చూడాలని ఉందని హైదరాబాదు నుంచే చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

"దేవుడే మిమ్మల్ని పంపుతున్నాడండి," అన్నారాయన. "మా ఆవిడకి ఈ మధ్య ఒక చెవి సరిగ్గా వినపడట్లేదండి. తల తిరుగుడు కూడా. తలకి ఎమ్మారై తీయించుకోమన్నారు డాక్టర్లు. సోహార్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళానండి, తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. రెండోసారీ అంతే. నర్సయ్యుండి ఏంటే ఇది అంటే, నాకా మిషన్ పడదు అంటది. మీరు ఆ మిషన్ మనుషులు కదా, మీరు చెబితే వింటదేమోనని ఆశండి."

ఫోన్ పెట్టేశాక, ఆ మాటలు గంగారాం కూడా విన్నాడని అర్థమైంది. స్పీకర్‌లో ఉంది.

ఖబూరా మలుపు వచ్చింది. బండి నెమ్మదించింది. "దిగుతవా?"

"వచ్చేటప్పుడు దిగుతా."

గంగారాం గేరు మార్చాడు. అలా నేను ఖబూరా మలుపు దాటిపోయాను. రాయకూడదనుకున్నాను కానీ, దీన్నీ రాయాలి.

సహం

నాసర్ అనే ఆ అర్బాబ్ ఇంట్లో కిందటేడు గంగారాం టైల్స్ పరిచాడు. ఈసారి తోటలో పంపుగది నేల. నాసర్‌కు హిందీ బాగా వచ్చు, ఆ తీరంలో చాలామందికి వచ్చు. పని కొలతలు చూసుకున్నాక కాఫీకి కూర్చోమన్నాడు. వాకిట్లో చెప్పులు విప్పి సిమెంటు గచ్చు మీద అడుగుపెట్టాను. పెనం మీద పెట్టినట్టయింది. గుమ్మం దాకా గంతులేసుకుంటూ పరుగెత్తాను. చాప మీద కూర్చున్న నాసర్ తండ్రి అది చూసి, పళ్ళు లేని నోటితో హాయిగా నవ్వాడు. ఆ ఇంట్లో నా పరిచయం అలా జరిగింది.

పెద్దాయనకు మతిమరుపు. నాసర్‌ను తన తమ్ముడనుకుంటాడట. నాసర్ కాదనడు, తమ్ముడిలాగే జవాబిస్తాడు.

ముందు ఖర్జూరాలు. పచ్చివి, సగం పండినవి, తేనెలా మెత్తబడ్డవి, కిందటేడు ఎండబెట్టినవి. తర్వాత కాఫీ. పాలుండవు, పంచదార ఉండదు, యాలకుల వాసన. చెవి లేని బుల్లి కప్పులో అడుగున కాస్త పోస్తారు. నాసర్ ఎడమచేత్తో కూజా పట్టుకుని, కుడిచేత్తో కప్పు అందించాడు. తాగి ఇచ్చాను. మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. మర్యాదకు కాదనకూడదనుకుని తాగుతూనే ఉన్నాను. గుండె దడదడలాడటం మొదలైంది. గంగారాం మాత్రం తన కప్పు ఎప్పుడో ఇచ్చేసి ఖర్జూరాలు తింటున్నాడు.

మాటల్లో నా పని ఏమిటని నాసర్ అడిగాడు. పళ్ళెంలోంచి ఒక పచ్చికాయ తీసి చూపించాను. కడుపులో ఐదో నెలలో మెదడు ఇలా నున్నగా ఉంటుందన్నాను. ఎండు ఖర్జూరం తీసి, నెలలు నిండేసరికి ఇలా మడతలు పడతాయన్నాను. పోలిక పూర్తిగా సరిపోదు. ఖర్జూరానికి ముడతలు చివర్న వస్తాయి, మెదడుకు మడతలు పుట్టకముందే వస్తాయి. ముసలితనంలో ఆ మడతల మధ్య సందులు వెడల్పవుతాయి. అదీ చెప్పాను. నాసర్ తండ్రి వైపు చూసి, "అయితే మా బాబా మడతలు విప్పుకుంటున్నాడన్నమాట. తిరుగు ప్రయాణం," అన్నాడు. బాధగా అనలేదు. తండ్రి గడ్డం మీద అంటిన ఖర్జూరపు తొక్కను వేలితో తీశాడు.

పెద్దాయన కప్పు ఖాళీ అయింది. నాసర్ కూజా వంచబోయాడు. పెద్దాయన మణికట్టు అటూ ఇటూ కదిపి కప్పును కొంచెం ఊపాడు. కూజా అక్కడికక్కడే ఆగింది.

"చాలు అంటే అట్ల ఊపాలె," అన్నాడు గంగారాం తెలుగులో, నా వైపు చూడకుండా. "ఊపకపోతే పోస్తనే ఉంటరు."

"ముందే చెప్పొచ్చు కదరా."

"నీకు మస్తు నచ్చిందనుకున్న."

పెద్దాయన మతిలోంచి కొడుకు పేరు పోయింది, కప్పు ఊపడం పోలేదు. ఆ చిన్న కదలిక నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నాసర్‌ను అడిగాను, అతిథి కప్పు ఊపాక కూడా పోస్తే ఏమవుతుంది అని.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాను.

"ఊపాడు కదా," అన్నాడు. "ఎందుకు పోస్తాం?"

ఖబూరా

తిరుగు దారిలో గంగారాం మలుపు దగ్గర బండి ఆపి, ఇంజను కూడా ఆపేశాడు. సీటు వెనక నుంచి సకినాల పొట్లం తీసి నా ఒళ్ళో పడేశాడు.

"గవి మాకు తెచ్చినవే. చేతులూపుకుంట పోతవా ఇంటికి? పో. సాయంత్రం ఇక్కడ్నే ఉంట."

దానియేలు గారు రోడ్డు మీదికే వచ్చి ఎదురుచూస్తున్నారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు పెన్నులు. దారిపొడవునా నా మోచెయ్యి పట్టుకునే నడిచారు. ఇల్లు చేపల మార్కెట్‌కు దగ్గర. గుమ్మంలోకే పులుసు వాసన వస్తోంది.

సువార్త గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. కాస్త ఒళ్ళు చేశారు. జుట్టులో తెల్లదనం. నేను మాట్లాడితే తల కొంచెం పక్కకు తిప్పి, వినపడే చెవి నా వైపు పెడుతున్నారు.

"రండి శంకర్ గారూ. ఎన్నాళ్ళయిందండీ. ఆ రోజు నా మూలాన మీ పని మొత్తం చెడిపోయింది. తర్వాత మిమ్మల్ని కలిసి సారీ చెబుదామనుకున్నానండి, కుదర్లేదు."

సకినాల పొట్లం ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇదిగో, నీ ఫోటో తీసిన అంకుల్," అని కూతురికి చూపించారు. పాప పేరు షారోన్. నా భుజం దాకా ఉంది. ఈ పిల్ల మెదడును, పుట్టకముందు, పొరలు పొరలుగా చూసిన వాణ్ణి నేను. అది నన్ను ఎగాదిగా చూసి, "అప్పుడు నేను అల్లరి చేశానా?" అంది.

"చాలా," అన్నాను. "చివర్లో పడుకున్నావు."

చాప పరిచి అన్నం పెట్టారు. ఖబూరా తీరంలో ఆ ఉదయం పడిన వంజరం, నరసాపురం పద్ధతిలో చింతపండు పులుసు, పైన నూనె తేలుతూ. చేపల దేశంలో ఉన్నాక ఇంటి మీద బెంగ సగం తగ్గిందన్నారు దానియేలు గారు. అన్నం కలపబోయాను.

"ఒక్క నిమిషమండి, ప్రార్థన చేసుకుందాం," అన్నారాయన. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

"తండ్రీ, ఈ ఆహారాన్ని బట్టి నీకు స్తోత్రం. ఇంత దూరం నుంచి ఈ సహోదరుణ్ణి మా ఇంటికి పంపినందుకు స్తోత్రం. నీ కుమార్తె సువార్త మనసులో ఉన్న పిరికితనాన్ని ఈయన మాటల ద్వారా తీసివేయమని వేడుకుంటున్నాం తండ్రీ."

ఆమెన్ అన్నారు ముగ్గురూ. నేను కళ్ళు తెరిచి పళ్ళెం కొంచెం ముందుకు జరిపాను.

"తినే ముందు ఒక మాట చెప్పాలి," అన్నాను. గొంతు పెంచాను, ఆవిడకు రెండోసారి చెప్పాల్సి రాకూడదని. "ఆవిడలో పిరికితనం లేదండీ. ఆ రోజు బెల్లు మోగింది. సువార్త గారు నొక్కారు, నేను విన్నాను. ఫోటో బాగా వస్తోందని ఆపలేదు. డాక్టరమ్మతో మోగలేదని చెప్పాను. అది అబద్ధం."

దానియేలు గారు నా వైపు కాదు, భార్య వైపు చూశారు.

"తర్వాత మళ్ళీ నొక్కానండి," అన్నారావిడ మెల్లగా. "గట్టిగా. అదీ మోగిందా?"

"లేదు. అప్పటికే శబ్దం ఆపేశాను."

సువార్త గారు కుడిచేతిని తిప్పి చూసుకున్నారు. వడ్డించినప్పుడు అంటిన మెతుకులు ఇంకా ఉన్నాయి. వేళ్ళు ముడిచారు, విప్పారు.

"ఐసీయూ ఎందుకు వదిలేశానో తెలుసాండీ మీకు? నొక్కానని నాకు గుర్తుంది. మీరేమో మోగలేదన్నారు. బంతి చూస్తే బాగానే ఉంది. అంటే నేను చేశాననుకున్నది చెయ్యట్లేదన్నమాట. ఇంజెక్షన్ ఇచ్చానని గుర్తుంటది, నిజంగా ఇచ్చానా? ఖాళీ సీసా తీసి చూసుకునేదాన్ని. పక్క సిస్టర్ని అడిగేదాన్ని, నేను ఇవ్వడం చూశావా అని. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకరోజు నేనే వెళ్ళి ఓపీలో వెయ్యమని అడిగాను. ఇక్కడా ఓపీనే. బీపీలు చూస్తాను, చీటీలు ఇస్తాను."

"అయితే నువ్వు నొక్కావు కదమ్మా?" అంది షారోన్.

"నొక్కానమ్మా."

దానియేలు గారు తల వంచుకుని, "మీ కోసం ప్రార్థన కూడా చేశానండి," అన్నారు. కోపంగా అని ఉంటే తేలికగా ఉండేది.

సువార్త గారు తల నా వైపు తిప్పారు. "పాక్కుంటూ వచ్చేసిన నర్సు కథ, అది కూడా మీదేనా?"

"నాదే."

"నాతో పనిచేసిన ఆవిడ మీ దగ్గర పరీక్షకి వెళ్ళొచ్చి ఫోన్లో చెప్పిందండి. ఎవరో నర్సంట అని. నేనూ నవ్వాను. అది నేనేనని చెప్పలేదు. ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ ఇది కూడా చెప్పండి."

"రాస్తాను," అన్నాను. "మీ పేరు మార్చి రాస్తాను."

"పేరు ఉంచండి. మీ మాట అబద్ధమైనప్పుడు నా పేరెందుకు దాచాలి?" తర్వాత భర్త వైపు తిరిగారు. "సోహార్‌లో మళ్ళీ టైము తీసుకో. పడుకోకముందు ఆ బంతి నేనే నొక్కి చూస్తాను. వాళ్ళ గదిలో నువ్వు నిలబడి, మోగిందో లేదో చెప్పు. మోగితేనే లోపలికెళ్తా."

నేను అంతవరకూ నిజం మాత్రమే చెప్పానని, అసలు చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. పళ్ళేల్లో పులుసు చల్లారిపోతోంది. ఆవిడ వినపడే చెవి వైపుకు జరిగి కూర్చున్నాను.

"మీ చెయ్యి ఆ రోజు సరిగ్గానే పని చేసింది సువార్త గారూ. మోగినప్పుడు ఆగనందుకు, మళ్ళీ మోగకుండా చేసినందుకు, మోగలేదని చెప్పినందుకు, నన్ను క్షమించండి."